సబర్బ్‌లో స్టేక్‌హౌస్: వెళ్లొచ్చా, వద్దా?
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల. డౌన్‌టౌన్ దాకా కారేసుకుని వెళ్లే ఓపిక లేదు, ఇంటి దగ్గర సబర్బ్‌లో ఓ స్టేక్‌హౌస్ (మందపాటి బీఫ్ ముక్కలు కాల్చి వడ్డించే హోటల్) ఉంది, బిల్లు మాత్రం డౌన్‌టౌన్‌కి తీసిపోదు, వెళ్లొచ్చా? ఒకేలాంటి ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో కొత్త స్టేక్‌హౌస్ తెరిచారు. పెళ్లిరోజుకి అక్కడికే వెళ్దామంటున్నారు మావారు. మెనూలో "ప్రీమియం ఆంగస్ రిబ్‌ఐ, 16 ఔన్సులు, 68 డాలర్లు" అని ఉంది. వెబ్‌సైట్‌లో హాలు, దీపాలు, వైన్ అరలు బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయి. వెళ్లకముందే అసలు సంగతి తెలుసుకునే దారి ఏమైనా ఉందాండీ?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఉందండీ. దీపాల సంగతి పక్కన పెట్టి మెనూలోని ఆ ఒక్క వాక్యాన్ని మళ్లీ చదవండి. 68 డాలర్లు అడుగుతున్నారు కానీ గ్రేడ్ ఏమిటో చెప్పలేదు.

అమెరికాలో మాంసానికి ఆరోగ్య తనిఖీ తప్పనిసరి. గ్రేడింగ్ అలా కాదు, ప్యాకింగ్ కంపెనీ డబ్బు కట్టి యూఎస్‌డీఏతో, అంటే అమెరికా వ్యవసాయ శాఖతో, చేయించుకోవాలి. పన్నెండో, పదమూడో పక్కటెముకల మధ్య కోసి, ఆ కండలో తెల్లటి కొవ్వు సన్నటి పాయలుగా ఎంత అల్లుకుందో చూస్తారు. పశువు వయసును కూడా లెక్కలోకి తీసుకుంటారు. కొవ్వు బాగా అల్లుకుంటే ప్రైమ్, దాని కింద ఛాయిస్, ఆ కింద సెలెక్ట్. నిప్పు మీద కరిగి ముక్కను రసంగా ఉంచేది ఈ కొవ్వే. ప్రైమ్‌కి ఎక్కువ డబ్బు పెట్టిన హోటల్ ఆ మాటను దాచుకోదు, పెద్ద అక్షరాలతో వేసుకుంటుంది. వెయ్యలేదంటే అది ఛాయిస్ అయి ఉండే అవకాశమే ఎక్కువ.

"ఆంగస్" అనేది జాతి గురించిన మాట, గ్రేడ్ కాదు. ఆంగస్ పేరుతో అమ్మే చాలా మాంసానికి ఆధారం పశువు ఒంటి మీది నల్లటి తోలే. "సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్" అని పూర్తి పేరు ఉంటే లెక్క వేరు. అది 1978 నుంచి ఉన్న బ్రాండు, దానికి పది షరతులున్నాయి. ఛాయిస్‌లో కొవ్వును బట్టి మూడు మెట్లుంటే, ఈ బ్రాండు పై రెండు మెట్లనూ, ప్రైమ్‌నూ మాత్రమే తీసుకుంటుంది. ఇక "ప్రీమియం", "హ్యాండ్ సెలెక్టెడ్", "బుచర్స్ రిజర్వ్" లాంటి మాటలకు యూఎస్‌డీఏ గ్రేడుతో ఏ సంబంధమూ లేదు. వాటి మీద ఒక్క డాలరు కూడా ఎక్కువ పెట్టక్కర్లేదని మా అభిప్రాయం.

అయితే అన్ని కట్‌లకీ, అంటే పశువు ఒంట్లో వేర్వేరు చోట్ల నుంచి కోసే ముక్కలకీ, గ్రేడ్ ఒకేలా పనిచేయదు. ఫిలే మిన్యాన్ మెత్తగా ఉండేది పశువు ఆ కండను పెద్దగా వాడదు కాబట్టి, కొవ్వు వల్ల కాదు. అందుకే మంచి ఛాయిస్ ఫిలేకీ ప్రైమ్ ఫిలేకీ తేడా తక్కువ. పక్కటెముకల దగ్గరి రిబ్‌ఐ, నడుము భాగపు న్యూయార్క్ స్ట్రిప్ అలా కాదు, వాటి రుచంతా కొవ్వులోనే ఉంది. మీరు అడిగింది రిబ్‌ఐ గనక గ్రేడ్ తెలుసుకోవాల్సిందే.

మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య ఫోన్ చేయండి. డిన్నర్ హడావుడి మొదలవదు, వంటింట్లో అడిగి చెప్పే తీరిక వాళ్లకుంటుంది. రిబ్‌ఐ ఏ గ్రేడ్? మాగబెట్టింది సంచిలోనా (వెట్ ఏజ్‌డ్), గాలి తగిలేలానా (డ్రై ఏజ్‌డ్), ఎన్ని రోజులు? ముక్కలు ఇక్కడే కోస్తారా, కోసినవి వస్తాయా? కాల్చేది బ్రాయిలర్ (పై నుంచి వేడి తగిలే పొయ్యి) కిందా, గ్రిల్ మీదా, ఫ్లాట్‌టాప్ అనే చదునైన పెనం మీదా? "ఛాయిస్ అండీ, 28 రోజులు వెట్ ఏజ్‌డ్, ఇక్కడే కోస్తాం, బ్రాయిలర్" అని తడుముకోకుండా చెబితే మంచి గుర్తు. ఛాయిస్ అన్నందుకు కాదు, వాళ్లేం అమ్ముతున్నారో వాళ్లకు తెలిసినందుకు. "మాది చాలా హై క్వాలిటీ అండీ" అని మూడుసార్లు తిప్పి తిప్పి చెబితే ఆ 68 డాలర్లు గదికీ కుర్చీకీ పోతున్నాయని అనుకోండి.

బ్రాయిలర్ గురించి ప్రత్యేకంగా అడగమనడానికి కారణం ఉంది. ప్రైమ్ రిబ్‌ఐ ఇప్పుడు కాస్ట్‌కో స్టోర్లలో సభ్యులెవరికైనా దొరుకుతోంది. ఇంట్లో దొరకనిది ఆ వేడి. మంచి స్టేక్‌హౌస్ బ్రాయిలర్ పదిహేను వందల డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, ఇంటి అవెన్ 550 దగ్గర ఆగిపోతుంది. అంత వేడిలో పైన నల్లగా, కరకరలాడే పొర కట్టేలోపు లోపలి భాగం ఉడికిపోదు. మాంసం ఛాయిస్, కాల్చేది మామూలు గ్రిల్ అయితే ఆ స్టేక్ ఇంట్లోనే బాగా వస్తుంది.

చివరగా లెక్క. ధరను ఔన్సులతో భాగించండి: 68ని 16తో భాగిస్తే ఔన్సు 4 డాలర్ల 25 సెంట్లు. అదే మెనూలో 8 ఔన్సుల ఫిలే 56 అయితే ఔన్సుకి 7 పడుతుంది. మెనూలో వేసేది పచ్చి ముక్క బరువు. కాలాక నీరు, కొవ్వు పోయి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. పైగా ఇలాంటి చోట స్టేక్‌తో పాటు ఏమీ రాదు. బంగాళాదుంపకీ, పాలకూరకీ విడిగా డబ్బు. ఇద్దరికి రెండు స్టేక్‌లు 136, రెండు సైడ్లు 28, ఒక సలాడ్ 16, ఒక డెజర్ట్ 14 వేసుకుంటే 194. టాక్సు 8.25 శాతం చొప్పున 16, టిప్పు 20 శాతం చొప్పున 39. డ్రింకులు లేకుండానే 249 డాలర్లు. వెళ్లాలా వద్దా అన్నది 68 చూసి కాదు, ఈ 249 చూసి తేల్చుకోండి. ప్రైమ్, మంచి బ్రాయిలర్ అని ఫోన్లో తేలితే పెళ్లిరోజుకి వెళ్లి రండి. తేలకపోతే వాళ్ల బార్ దగ్గర కూర్చుని ఒక స్ట్రిప్ ఇద్దరూ పంచుకుని చూడండి. వంటిల్లు అదే, ఖర్చు సగం కన్నా తక్కువ.

ప్రశ్న: మా దగ్గరి స్టేక్‌హౌస్‌కి 4.4 నక్షత్రాలున్నాయి. రివ్యూలు చదివితే సగం మంది ఆహా అంటున్నారు, సగం మంది "ఓవర్‌కుక్ చేశారు" అంటున్నారు. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకుడు, ఇల్లినాయ్

జవాబు: నక్షత్రాల్ని వదిలేసి జనం పెట్టిన ఫొటోలు చూడండి. అందులోనూ కోసిన ముక్క లోపలి భాగం కనిపించేవి. మంచి వంటింట్లో కాల్చిన స్టేక్‌కి అంచున సన్నటి బూడిదరంగు గీత, మిగతాదంతా ఒకే గులాబీ రంగు ఉంటుంది. అంచు నుంచి లోపలికి అర అంగుళం దాకా బూడిదరంగు పాకి, నడుమ చిన్న ఎర్రమచ్చ మిగిలితే ముక్క పల్చగా కోశారు, లేదా వేడి చాలక ఎక్కువసేపు నిప్పు మీద ఉంచారు. గ్రిల్ గీతలు చూసి మోసపోకండి. గీతలు పడ్డచోటే పొర కట్టింది, మధ్యన పాలిపోయి ఉంటే మిగతా భాగానికి వేడి అందలేదు.

తర్వాత ఫిర్యాదుల తేదీలు, వారాలు చూడండి. "ఓవర్‌కుక్" అన్నవాళ్లంతా శని, ఆదివారాల వాళ్లయితే వంటిల్లు రద్దీని తట్టుకోలేకపోతోంది, మంగళవారం వెళ్తే మీకు వేరే స్టేక్ వస్తుంది. వాలెంటైన్స్ డే, మదర్స్ డే, ఫాదర్స్ డే నాటి రివ్యూలను లెక్కలోకే తీసుకోకండి, ఆ రోజుల్లో అసలు వెళ్లకండి కూడా. అంతకుముందు బాగుండి గత మూడు నెలలుగా ఫిర్యాదులు వరసగా వస్తుంటే వంటవాడు మారినట్టే. అప్పుడు పాత 4.4 దేనికీ పనికిరాదు. మాకు ఎక్కువ పనికొచ్చేవి మూడు నక్షత్రాల రివ్యూలు. అలా ఇచ్చినవాళ్లు ఏది బాగుందో, ఏది బాగాలేదో విడదీసి రాస్తారు.

కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో తనిఖీ నివేదిక కూడా చాలాచోట్ల దొరుకుతుంది. పగిలిన టైలు, సరిగ్గా మూయని చెత్తడబ్బా లాంటివి అంతటా రాస్తారు, వాటికి కంగారు పడొద్దు. చల్లగా ఉండాల్సినవి 41 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాయని వరసగా రెండు తనిఖీల్లో రాశారంటే మాత్రం వేరే చోటు చూసుకోవడం మంచిది.

ప్రశ్న: ఎప్పుడూ మీడియమే చెబుతాను. ఒకసారి ఎర్రగా వస్తుంది, ఒకసారి చెప్పు అట్టలా వస్తుంది. తప్పు నాదా, వాళ్లదా? వెనక్కి పంపడానికి మొహమాటంగా ఉంటుంది.
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మీ తప్పేం లేదండీ. ఒక్కో చోట మీడియం అంటే ఒక్కో అర్థం. మాట కన్నా అంకె, రంగు నయం. నడుమన 120 నుంచి 125 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే రేర్, 130–135 మీడియం రేర్, 140–145 మీడియం, 150–155 మీడియం వెల్, 160 దాటితే వెల్ డన్. "మీడియం, నడుమ గులాబీ రంగులో వెచ్చగా ఉండాలి, ఎరుపు వద్దు" అని చెప్పండి. యూఎస్‌డీఏ చెప్పే హద్దు కైమా చేయని పూర్తి ముక్కకి 145 డిగ్రీలు, ఆపై మూడు నిమిషాలు పక్కన ఉంచడం. కైమాతో చేసే బర్గర్‌కైతే 160.

గురి తప్పడానికి పెద్ద కారణం మందం. అంగుళంన్నర మందం ఉన్న ముక్కకి 135 నుంచి 145కి చేరడానికి వ్యవధి ఉంటుంది, వంటవాడు చూసుకోగలడు. 8 ఔన్సుల పల్చటి సర్లాయిన్ కట్‌లో ఆ వ్యవధి అటు తిరిగి ఇటు తిరిగేలోపు అయిపోతుంది. మీడియం రేర్ కచ్చితంగా కావాలంటే మందపాటి కట్ అడగండి, లేదా ఒక పెద్ద స్ట్రిప్ ఇద్దరు పంచుకోండి. నిప్పు మీంచి తీశాక కూడా లోపలి వేడి ఐదు డిగ్రీల దాకా పెరుగుతుంది. పళ్లెం సలసలా కాలుతూ వచ్చే చోట్ల ఇంకా ఎక్కువ. రూత్స్ క్రిస్ అనే స్టేక్‌హౌస్ చైన్‌లో 500 డిగ్రీల పళ్లెంలో వడ్డిస్తారు. అలాంటి చోట మీకు కావాల్సిన దానికన్నా ఒక మెట్టు తక్కువ చెప్పండి, లేదా మామూలు పళ్లెంలో పెట్టమనండి.

ఇంకో సంగతి. చవక స్టేక్‌లలో కొన్నిటిని మెత్తబడటానికి సన్నటి సూదులతో, బ్లేడులతో పొడుస్తారు. పైన ఉండే బాక్టీరియా ఆ రంధ్రాల వెంట లోపలికి పోతుంది. అలాంటి పచ్చి మాంసం ప్యాకెట్ మీద ఆ మాట రాయాలని 2016 నుంచి నిబంధన ఉంది, హోటళ్లకొచ్చే వాటికీ వర్తిస్తుంది. కాబట్టి అడిగితే వంటింట్లో వాళ్లకు తెలుస్తుంది. పొడిచిన ముక్కని రేర్‌గా తినొద్దు.

స్టేక్ రాగానే అంచున కాదు, నడిమధ్య కోసి చూడండి, సర్వర్ అక్కడ ఉండగానే. తక్కువ కాలితే రెండు నిమిషాల పని, సంతోషంగా సరిచేస్తారు. ఎక్కువ కాలితే సరిచేసే దారి లేదు, కొత్తది వేయాలి. ఆ మాట మొదటి ముక్క తినకముందే చెప్పాలి, సగం తిన్నాక కాదు. అందులో మొహమాటపడటానికేం లేదు. ఎలా కావాలని వాళ్లే అడిగారు, మీరు చెప్పారు.

ప్రశ్న: మామూలు స్ట్రిప్ 54, డ్రై ఏజ్‌డ్ స్ట్రిప్ 76. ఆ 22 డాలర్లకి తగ్గ తేడా ఉంటుందా?
– ఒక పాఠకుడు, జార్జియా

జవాబు: నిజంగా డ్రై ఏజ్ చేస్తే ఉంటుంది. ఎముక, పైకొవ్వు తీసేయకుండా ఉంచిన పెద్ద దిమ్మను 34–38 డిగ్రీల గదిలో గాలి తగిలేలా వారాల తరబడి మాగబెడతారు. మాంసంలోని ఎంజైములు కండ పోగుల్ని విడదీసి మెత్తబరుస్తాయి. నీరు ఆవిరై రుచి చిక్కబడుతుంది. పైన గట్టిగా నల్లబడ్డ పొరని చెక్కి పారేస్తారు. అలా పోయిన నీరు, చెక్కేసిన పొర కలిపి బరువులో పావు వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ నష్టం. మీరు కట్టే అదనపు డబ్బు దానికే. మెత్తదనంలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు వారాల్లోనే వచ్చేస్తుంది, ఆ తర్వాత పెరిగేది రుచి. 28 నుంచి 35 రోజులది వేయించిన గింజల వాసనతో చాలామందికి నచ్చుతుంది. 45 దాటితే పాత చీజ్ ఘాటు వస్తుంది. మొదటిసారి తినేవాళ్లు అంత దూరం పోకండి.

వెట్ ఏజింగ్ అంటే గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచిలో ఉంచడం. మెత్తబడుతుంది, బరువు తగ్గదు, రుచి చిక్కబడదు. మెనూలో ఉత్త "ఏజ్‌డ్" అని ఉంటే ఇదే అనుకోండి.

గుమ్మం దగ్గర అద్దాల అల్మరా ఉంటే దగ్గరికెళ్లి చూడండి. లోపల నల్లటి పొర కట్టిన పెద్ద దిమ్మలు, తేదీల చీటీలతో ఉండాలి. విడి స్టేక్‌లు ఎర్రగా మెరుస్తూ వరసగా పేర్చి ఉంటే అది అలంకారం. విడి ముక్కని డ్రై ఏజ్ చేస్తే చెక్కేశాక తినడానికేం మిగలదు. ఎముక లేని "డ్రై ఏజ్‌డ్ ఫిలే" ఉన్నా అనుమానించాల్సిందే. ఆ కండకి కాపాడే కొవ్వూ ఎముకా ఉండవు. మీరు వెల్ డన్ తినేవాళ్లయితే ఆ 22 డాలర్లు మిగుల్చుకోండి. అంతసేపు కాలిస్తే మాగిన రుచి నిలవదు.

ప్రశ్న: ఆఫీసు టీమ్ ఎనిమిది మందిమి స్టేక్‌హౌస్‌కి వెళ్తున్నాం. నేను బీఫ్ తినను, ఇంకో అమ్మాయి పూర్తి శాకాహారి. రామని చెప్పలేం. మేమేం తినాలండీ?
– ఒక పాఠకురాలు, వర్జీనియా

జవాబు: తినడానికి దొరుకుతుందమ్మా, కానీ మెనూలో కనపడని చోట్ల మాంసం ఉంటుంది. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ దాదాపు ఎప్పుడూ బీఫ్ స్టాక్‌తోనే (ఎముకలు మరిగించిన రసం) చేస్తారు. ఫ్రైస్ కొన్నిచోట్ల బీఫ్ కొవ్వులో వేయిస్తారు. వేయించిన పుట్టగొడుగుల్లో చివర బీఫ్ స్టాక్ పోసే అలవాటుంది. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌లో, బీన్స్‌లో బేకన్ (పంది మాంసం) వేస్తారు. సీజర్ సలాడ్‌లోనూ, వూస్టర్‌షైర్ సాస్‌లోనూ యాంకోవీ చేప ఉంటుంది. చికెన్ మీద పోసే నల్లటి సాస్ తరచూ దూడ ఎముకలు మరిగించి చేసినదే. ఇవన్నీ "వెజిటేరియన్ ఉందా?" అని అడిగితే బయటపడవు. "బీఫ్ స్టాక్, బీఫ్ కొవ్వు, బేకన్ వేస్తారా?" అని వంటకం పేరు చెప్పి అడగాలి.

మీకు సాల్మన్ గానీ చికెన్ గానీ సరిపోతుంది. మామూలుగా అయితే స్టేక్‌లు కాలే గ్రిల్ మీదే వేస్తారు. విడిగా పాన్‌లో చెయ్యమనండి, చాలా వంటిళ్లు ఒప్పుకుంటాయి. ఆ అమ్మాయికి బేక్డ్ పొటాటో, క్రీమ్డ్ స్పినాచ్, ఆస్పరాగస్, మ్యాక్ అండ్ చీజ్ కలిపితే నిండు భోజనమే. పొటాటో తొక్కకి రాసేది నూనేనా అని, స్పినాచ్‌లో స్టాక్ లేదు కదా అని కనుక్కోండి. ఒకరోజు ముందే, మధ్యాహ్నం ఫోన్ చేసి చెబితే వంటవాళ్లకీ వీలు, నలుగురిలో టేబుల్ దగ్గర ఆరాలు తీసే ఇబ్బంది మీకూ ఉండదు. పాత్రలు, నూనె కూడా వేరుగా ఉండాలన్న నియమం ఉంటే మాత్రం స్టేక్‌హౌస్ వంటింట్లో దానికి హామీ దొరకదు. ఆ సంగతి టీమ్‌కి ముందే చెప్పి వేరే చోటు అడగడంలో తప్పేమీ లేదు.

బిల్లు కట్టేవారికి ఒక మాట చేరవేయండి. ఆరుగురు దాటితే చాలా హోటళ్లు 18 నుంచి 20 శాతం సర్వీస్ ఛార్జి వాళ్లే వేసేస్తాయి. కింద టిప్పు గీత ఖాళీగానే ఉంటుంది, చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది.

ప్రశ్న: ప్రైమ్ రిబ్ అంటే ప్రైమ్ గ్రేడేనా? అది తీసుకోవాలా, టోమహాక్ తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: కాదండీ. అది కట్ పేరు. ఏ గ్రేడ్ మాంసంతో చేసినా ప్రైమ్ రిబ్ అనే అంటారు, గ్రేడ్ విడిగా అడగండి. దీన్ని సన్నటి వేడి మీద గంటల తరబడి కాల్చి, వెచ్చగా ఉంచి, అడిగినప్పుడు కోసిస్తారు. అందువల్ల ఇది రద్దీ రోజుల వంటకం. శుక్ర, శనివారాల్లో డిన్నర్ మొదలైన మొదటి గంటలో తాజాది దొరుకుతుంది. జనం లేని సోమవారం రాత్రి తొమ్మిదింటికి అడిగితే ఎప్పటి నుంచో వెచ్చబెట్టిన ముక్క వస్తుంది. ఎరుపు నచ్చకపోతే కొసముక్క అడగండి, అది ఎక్కువ కాలుతుంది, ఉప్పూ మిరియాలూ దానికే బాగా పడతాయి.

టోమహాక్ అంటే పొడుగు ఎముక వదిలేసిన రిబ్‌ఐ. ఆ ఎముక బరువుకీ మాంసం ధరే కడతారు, రుచికి అదేమీ చేయదు. అంత మందపాటి ముక్క సరిగ్గా కాలడానికి అరగంట పైనే పడుతుంది. ఆకలితో ఉన్న పిల్లలతో వెళ్తే ఆ కట్ జోలికి పోకండి. ఎముక కావాలనుకుంటే పొట్టి ఎముకతో ఉన్న బోన్-ఇన్ రిబ్‌ఐ తీసుకోండి. కండ అదే, ఔన్సు ధర ఎంత తగ్గుతుందో మెనూలోనే భాగించి చూసుకోవచ్చు.